పిండి లేని చికెన్ బర్గర్ పెంక మీద ఎందుకు విరుగుతుంది, కారం లోపలిదాకా ఎలా పడుతుంది

చెల్లె, నీ బాధ ఇదీ కదా. మీ ఆయనకు డాక్టర్ ధాన్యం మొత్తం మాన్పించారు, బియ్యం, గోధుమ, జొన్న, సజ్జ, మక్క ఏదీ వద్దన్నారు. ఆయనకేమో బర్గర్ మీద పాణం. మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే కారంగా చికెన్ బర్గర్ చేద్దామని మూడుసార్లు చేశావు, మూడుసార్లూ తిప్పబోతే విరిగిపోయింది. మిగిలింది తింటే పీచులా ఎండుగా ఉంది, కారం నాలుక మీద మండిందే గానీ లోపల చప్పగా ఉంది. "ఇంకో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపితే నిలబడుతుందా అక్కా" అని అడిగావు.

ముందు ఆ కార్న్‌ఫ్లోర్ సంగతే తేల్చుకుందాం. కార్న్ అంటే మక్కలే కదా చెల్లె! మక్క మానేయమన్న మనిషికి మక్క పిండి పెడుతున్నావు. తెల్లగా, పౌడర్ లాగా, డబ్బాలో వస్తుంది కాబట్టి అది ధాన్యమని ఎవరికీ తట్టదు, నాకూ మొదట్లో తట్టలేదు. నేను నల్లగొండలో పదకొండేళ్లు కర్రీ పాయింట్ నడిపాను, చికెన్ పకోడీకి కార్న్‌ఫ్లోర్ లేని రోజు లేదు. మా అక్క కొడుక్కి గోధుమ పడదని, పేగులు దెబ్బతింటున్నాయని తేలినప్పుడు "మైదా ఒక్కటి మానేస్తే అయిపోయింది" అనుకున్నాను. తర్వాత డబ్బాల వెనక చిన్న అక్షరాలు చదవడం మొదలుపెడితే తల తిరిగింది. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. మనం వాడే ఇంగువ చాలావరకు ముద్ద ఇంగువ కాదు, గోధుమపిండో మైదానో కలిపిన పొడి. బేకింగ్ పౌడర్‌లో సాధారణంగా మక్క పిండి ఉంటుంది. రెడీమేడ్ కబాబ్ మసాలా ప్యాకెట్లలో బియ్యప్పిండో కార్న్‌ఫ్లోరో కనిపిస్తుంది, రంగు పట్టడానికీ కరకరలాడడానికీ వేస్తారు. కాబట్టి నీ బర్గర్‌లోకి వెళ్లే ప్రతి పొడీ ఇంట్లో కొట్టిందే అయితే సగం టెన్షన్ పోతుంది.

ఇంకో మాట, గోధుమ పడకపోవడం వేరు, ధాన్యమే వద్దనడం వేరు. గోధుమలో ఉండి పడనివాళ్లను ఇబ్బంది పెట్టే ప్రోటీన్ గ్లూటెన్, అది జొన్నలో ఉండదు, మా అక్క కొడుకు జొన్నరొట్టె హాయిగా తింటాడు. మీ ఆయనకు జొన్న కూడా వద్దన్నారు కాబట్టి లెక్క వేరే. పప్పులు ధాన్యం కిందకి రావు, అయినా కొందరికి డాక్టర్లు పప్పులు కూడా ఆపుతారు, ఆ ఒక్క సంగతి అడిగి కనుక్కో. నేను రెండు దారులూ చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. అందరూ అనుకునేదేంటంటే బ్రెడ్ పొడో పిండో లేకపోతే ఖీమాకు పట్టు రాదని. పట్టు పిండిది కాదు చెల్లె, మాంసానిదే. పిండి ముఖ్యంగా చేసే పని మనం చేసిన తప్పుల వల్ల ఊరిన నీళ్లను తాగేయడం. నీళ్లు ఊరకుండా చూసుకుంటే పిండితో పనే లేదు. ఖీమాలో ఉప్పు వేసి చేత్తో గట్టిగా పిసికితే మాంసంలోని ప్రోటీన్ కరిగి బంక లాగా బయటికి వస్తుంది, వేడి తగలగానే ఆ బంక గట్టిపడి ముద్దను కట్టిపడేస్తుంది. పిసికేటప్పుడు ఖీమా చల్లగా, పొడిగా ఉండాలి. ఇంతే శాస్త్రం. నువ్వు చేసిన విధానం చదివితే, కడిగిన ఖీమా, తరిగిన పచ్చి ఉల్లిగడ్డ, రెండు చెంచాల పెరుగు, అరచెక్క నిమ్మరసం, అన్నీ ఒకేసారి కలిపి చివర్లో ఉప్పు. ఇక అది ఎందుకు నిలబడుతుంది!

మాంసం దగ్గర్నుంచి మొదలుపెడదాం. దుకాణంలో బోన్‌లెస్ అంటే ఛాతీ ముక్క ఇస్తాడు, అందులో కొవ్వు దాదాపు ఉండదు, అందుకే ఎండిపోయింది. తొడ మాంసం అడుగు. ఎముక తీసి ఇవ్వమంటే కొంచెం మొహం మాడుస్తాడు, ఇస్తాడు. తొడ దొరకకపోతే సగం ఛాతీ, సగం లెగ్. మన దగ్గర అందరూ స్కిన్‌లెస్సే కొంటారు కాబట్టి తోలు పారేస్తుంటారు, అరకిలో మాంసానికి గుప్పెడు తోలు అడిగి తెచ్చుకో. తోలు ఖీమాలో కలిస్తే ఎండడమన్న మాటే ఉండదు. అది ఇష్టం లేకపోతే రెండు పెద్ద చెంచాల పల్లి నూనె, లేదా పేరిన నెయ్యి.

ఖీమా దుకాణంలో కొట్టించకు. ఆ మొద్దు మీద పొద్దుటి నుంచి ఏమేం కొట్టారో మనకు తెలియదు, పైగా ఇంటికొచ్చాక కడగాలనిపిస్తుంది. ఖీమాను కడిగితే కథ అక్కడే ముగిసింది, స్పంజి లాగా నీళ్లు పీల్చేసి ఎంత పిండినా వదలదు. ముక్కలుగా తెచ్చుకో. అసలు పచ్చి చికెన్‌ను నల్లా కింద కడగడమే మంచిది కాదు, చిందిన నీళ్లతో క్రిములు సింకంతా, పక్కనున్న గిన్నెల మీదా పడతాయి, వాటిని చంపేది నీళ్లు కాదు, మంట. మా అత్తమ్మకు ఈ మాట చెప్పి ఒప్పించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, ఇప్పటికీ నేను చూడనప్పుడు కడుగుతుందని నా అనుమానం. నీ మనసు కూడా ఒప్పుకోకపోతే ముక్కలే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, సింకును సబ్బుతో తోమి, ముక్కలను శుభ్రమైన పాత కాటన్ గుడ్డలో ఒత్తి ఒత్తి తుడువు. చేత్తో పట్టుకుంటే జారకుండా అతుక్కోవాలి, అంత పొడిగా.

తర్వాత ముక్కలను పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పెట్టు. గడ్డ కట్టకూడదు, అంచులు బిరుసెక్కాలి. మిక్సీ జార్‌లో సగానికి మించి నింపకుండా ఒక్కో క్షణం తిప్పి ఆపు, తిప్పి ఆపు, ఏడెనిమిది సార్లు. అలా కాకుండా ఒకేసారి గిర్రున తిప్పితే జార్ వేడెక్కి పేస్ట్ అవుతుంది, పేస్ట్‌తో చేసిన బర్గర్ రబ్బరు చెప్పు లాగా ఉంటుంది. పెసరగింజంత ముక్కలు అక్కడక్కడా కనిపించాలి. మన వైపు మే నెలలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల ఎండ, ఆ వంటింట్లో పది నిమిషాలకే కొవ్వు కరిగి చేతికి అంటుతుంది. ఎండాకాలమైతే వెడల్పు గిన్నెలో ఐస్ ముక్కలు వేసి దాని మీద ఖీమా గిన్నె పెట్టుకుని కలుపు.

ఉల్లిగడ్డ. విరిగిన బర్గర్లలో నేను చూసిన సగానికి కారణం ఇదే. పచ్చి ఉల్లిగడ్డ సన్నగా తరిగి కలిపితే ఉప్పు తగలగానే నీళ్లు వదులుతుంది, ఖీమాలో పక్కపక్కనే చిన్న చిన్న నీటి గుంటలు తయారవుతాయి, పెంక మీద అవి ఆవిరై పగుళ్లు తెస్తాయి. మా మేనల్లుడి పుట్టినరోజుకు పన్నెండు బర్గర్లు చేసి, తిప్పేటప్పుడు పన్నెండూ ముక్కలైతే, పిల్లల ముందు పరువు పోకుండా పైన కొత్తిమీర చల్లి "ఇవాళ ఖీమా ఫ్రై" అని పెట్టాను. వాడు ఇప్పటికీ అడుగుతాడు, అత్తా బర్గర్ చేస్తావా, ఖీమా ఫ్రై చేస్తావా అని. ఆ రోజు వేసినవి నాలుగు పెద్ద పచ్చి ఉల్లిగడ్డలు. ఇప్పుడు అరకిలోకు ఒక్కటి, అదీ సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించి పూర్తిగా చల్లారాకే కలుపుతాను. వేయించే ఓపిక లేకపోతే చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాలు వదిలి గుడ్డలో వేసి పిండెయ్, ఎన్ని నీళ్లు కారతాయో చూస్తే నీకే అర్థమవుతుంది.

నిమ్మరసం, పెరుగు ఖీమాలో వద్దు. నకిరేకల్ నిమ్మకాయలు మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి, పులుపు లేకుండా నాకూ దిగదు, కానీ పులుపు తగిలిన ఖీమా నీళ్లు వదులుతుంది, పట్టు సడలుతుంది. తందూరీ ముక్కలకు పెరుగు మంచిదే, బర్గర్‌కు కాదు. పులుపంతా తినేటప్పుడు పైన.

కారం విషయానికొద్దాం, నువ్వు మొదట చెప్పిన బాధల్లో అదొకటి. పైన మండి లోపల చప్పగా ఉందంటే కారప్పొడి పచ్చిగా కలిపావన్నమాట. మిరపకాయలో మంట పుట్టించేది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. రెండు పెద్ద చెంచాల నూనె గోరువెచ్చగా కాచి, స్టవ్ ఆపేసి, అందులో రెండు చిన్న చెంచాల ఇంటి కారం, పావు చెంచా పసుపు, చెంచాన్నర ధనియాల పొడి, అరచెంచా గరం మసాలా వేసి కలిపి చల్లారనివ్వు. నూనె బాగా కాగితే కారం మాడి చేదెక్కుతుంది, వేలు పెట్టగలిగే వేడి చాలు. చల్లారాక ఆ ఎర్ర నూనెను ఖీమాలో కలిపితే ప్రతి ముక్కకూ కారం అంటుతుంది, ఇదే నూనె ఎండిపోకుండా కూడా కాపాడుతుంది కాబట్టి తోలు వేసిన రోజు ఒక్క చెంచా నూనె చాలు. ఇది ఎర్ర కారం. దీనికి తోడు నాలుగు పచ్చిమిరపకాయలు, ఆరు ఎల్లిపాయ రెబ్బలు, చిన్న అల్లం ముక్క రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేస్తే ఆ మంట వేరే, కొరికినప్పుడు అక్కడక్కడా తగులుతుంది. మిక్సీలో మెత్తగా రుబ్బిన అల్లం ఎల్లిపాయ పేస్ట్ అయితే నీళ్లు చేరతాయి, దంచుకో. మిరియాల పొడి అరచెంచా మాత్రం పెంక మీద నుంచి దించాక చల్లు, దాని వాసన వేడికి ఎగిరిపోతుంది. రంగు కోసం ఫుడ్ కలర్ వద్దమ్మా, వరంగల్ వైపు చపాటా మిరప దొరికితే దాని పొడి కలుపు, మంట తక్కువ, ఎరుపు కావాల్సినంత.

బన్ లేదు కాబట్టి ఉప్పూ కారమూ నేరుగా నాలుకకే తగులుతాయని మర్చిపోకు. బన్ ఉన్న బర్గర్‌కు వేసే లెక్కలోనే ఉప్పు వేస్తే ఎక్కువవుతుంది. అరకిలో మాంసానికి నేను ఒక చిన్న చెంచా, తలగొట్టి, అంతే వేస్తాను. కలిపాక గోలీ అంత ముద్ద తీసి పెంక మీద కాల్చి రుచి చూడు. పచ్చి ఖీమాను నాలుక మీద పెట్టి చూసే అలవాటుంటే మానుకో.

కలిపే వరుస ముఖ్యం. చల్లటి ఖీమాలో ముందు ఉప్పు ఒక్కటే. రెండు మూడు నిమిషాలు ఒకే దిక్కుకు తిప్పుతూ, గిన్నె అంచుకు కొడుతూ పిసుకు, కాసేపటికి పోగులు పోగులుగా సాగుతూ చేతికి అతుక్కుంటుంది. గుప్పెడు తీసుకుని అరచేతిని బోర్లించు. కింద పడకపోతే పట్టు వచ్చినట్టే. అప్పుడు ఎర్ర నూనె, దంచిన ముద్ద, వేయించిన ఉల్లిగడ్డ, గుప్పెడు కొత్తిమీర పుదీన. ఆకులు కడిగి బాగా ఆరబెట్టినవే సుమా.

ఇక్కడిదాకా సరిగ్గా వస్తే ఇంకేమీ అక్కర్లేదు. అయినా మొదటిసారి ధైర్యం కోసం ఏదైనా వేస్తానంటే మన కోడికూర మసాలాలోనే సామాను ఉంది, ఎండుకొబ్బరి. రెండు పెద్ద చెంచాల తురుము దోరగా వేయించి, చెంచా గసగసాలతో కలిపి పొడి చెయ్. ఊరిన తడి అది పీల్చుకుంటుంది, కొవ్వూ ఇస్తుంది, నమిలితే అచ్చం కోడికూర వాసనే వస్తుంది. పప్పులు పడితే పుట్నాల పొడి రెండు చెంచాలు, లేదా వేయించిన పల్లీల పొడి. వనపర్తి, గద్వాల పల్లీలు మీకు దగ్గరే కదా. అయితే పల్లీలు మిక్సీలో ఒక్క నిమిషం ఎక్కువ తిరిగితే నూనె తేలుతుంది, బరకగా ఉండగానే ఆపు. పప్పు కూడా వద్దన్నారంటే ఉడికించి మెదిపిన మొరంగడ్డ (చిలగడదుంప) రెండు చెంచాలు, కొంచెం తీపి వస్తుంది, కారానికి బాగానే జోడీ. ఇసబ్గోల్ ఒక చెంచా కూడా పనిచేస్తుంది, అది ధాన్యం కాదు, కానీ ఎక్కువైతే జిగటగా, నోట్లో జారుతుంది, నాకు నచ్చదు. గుడ్డు చాలామంది వేయమంటారు, చికెన్ ఖీమాకు మొత్తం గుడ్డు వేస్తే ముద్ద పలచనై చేతిలో నిలవదు, వేస్తే పచ్చసొన ఒక్కటే.

అరకిలోకు అయిదు వస్తాయి. చేతులకు నూనె రాసుకుని ముద్దను ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి పదిసార్లు విసిరి కొట్టు, లోపలి గాలి పోతుంది. వేలి మందాన ఒత్తి, అంచుల్లో పగుళ్లు లేకుండా నునుపు చేసి, తపాలచెక్కకు వేలితో గుంతలు పెట్టినట్టు మధ్యలో ఒక్క గుంత పెట్టు. కాలేటప్పుడు మాంసం ముడుచుకుని నడుమ ఉబ్బుతుంది, గుంత ఉంటే సమానంగా వస్తుంది. ఫ్రిజ్‌లో అరగంట ఆగాలి, ఇది వదిలేయకు.

పెంక ఇనుపదైతే మంచిది. మధ్యస్థ మంట మీద వేడి చేసి, నూనె రాసి, పెట్టాక నాలుగైదు నిమిషాలు ముట్టుకోకు. అట్లకాడతో కెలికితే, పైనుంచి నొక్కితే రసమంతా పెంక పాలు. కింద పొర కట్టాక అదే పెంకను వదులుతుంది, అట్లకాడ దూర్చితే రాకపోతే ఇంకా టైం ఉందని అర్థం. తిప్పి ఇంకో నాలుగు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు మూతపెట్టు. పెద్ద మంట పెడితే పైన కారం మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చికెన్ నడుమ 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. ఆన్‌లైన్‌లో దొరికే వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఎప్పటికీ పనికొస్తుంది, ఎందుకంటే రంగు చూసి చెప్పడం నమ్మకం కాదు, ఎర్ర కారం కలిపిన ఖీమాలో గులాబీ రంగు ఎక్కడ కనిపిస్తుంది! అది లేకపోతే అన్నిటికంటే మందంగా ఉన్నదాన్ని నడుమ విప్పి చూడు, మెత్తగా, మెరుస్తూ, జిగటగా ఉన్న చోటు ఒక్కటి కూడా ఉండొద్దు. దించాక మూడు నిమిషాలు పళ్లెంలో వదిలేసి తిను.

బన్ బదులు లెట్యూస్ చుట్టమని అంటారు, అది మన సంతలో దొరకదు, దొరికినా వాడిపోయి ఉంటుంది. క్యాబేజీ పై ఆకులు రెండు విడదీసి, మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి చల్లటి నీళ్లలో వేస్తే విరగకుండా మడత పడతాయి. తుడిచి వాడు. లేదంటే పలచటి గుడ్డు అట్టు. పప్పులు పడితే బియ్యం కలపని పెసరట్టు, చిన్నగా, మందంగా వేస్తే బన్‌కు దగ్గరగా ఉండేది అదే. లోపల నిమ్మరసం పిండిన ఉల్లిగడ్డ చక్రాలు, టమాట, గుడ్డలో కట్టి నీళ్లు కార్చిన పెరుగులో పుదీన, పచ్చిమిర్చి, జీలకర్ర. కారం మరీ ఎక్కువైతే నీళ్లు తాగి లాభం లేదు, ఈ పెరుగే మంట తగ్గిస్తుంది. నువ్వు రాసిన టమాట కెచప్ నేనైతే వేయను, దాని బదులు పల్లీ టమాట తొక్కు గట్టిగా చేసి రాయి.

ఊరి నుంచి నాటుకోడి వస్తే దానితో చేయొచ్చా అని చివర్లో అడిగావు. ఈ పద్ధతిలో వద్దు, ముదురు కోడి ఖీమా ఇంత తక్కువ టైంలో మెత్తబడదు. దానికి మన ముస్లింల ఇళ్లలో చేసే షామీ కబాబ్ పద్ధతి ఉంది చూడు, అది సరిపోతుంది. బోన్‌లెస్ అరకిలోకు నానబెట్టిన శనగపప్పు ఒక చిన్న కప్పు, ఎండుమిర్చి, అల్లం, ఎల్లిపాయ, కొంచెం నీళ్లతో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, మూత తీశాక మిగిలిన నీళ్లన్నీ ఇగిరేదాకా వేయించి, చల్లార్చి రుబ్బుతారు. పప్పే పట్టు. గోధుమ లేదు, బియ్యం లేదు, తరాలుగా అలాగే చేస్తున్నారు. పప్పు కూడా వద్దన్నారంటే మాత్రం నాటుకోడిని పులుసే పెట్టు.

చేసి దాచుకోవాలంటే పచ్చివే, మధ్యలో బటర్ పేపర్ ముక్కలు పెట్టి డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టు, నెల రోజులు బాగుంటాయి. కాల్చే ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చు, బయట గట్టు మీద కరగనివ్వకు. కరిగాక పైన చెమ్మ కనిపిస్తే గుడ్డతో అద్ది పెంక మీద వెయ్. ఈసారి చేసినప్పుడు ఎక్కడైనా పగిలితే ఆ పగులు అంచులో ఉందా, నడుమ ఉందా చూసి చెప్పు. అంచులోదైతే ఒత్తడంలో లోపం, నడుమదైతే ఇంకా తడి ఉంది.